ఏసీ, హీటింగ్ కంపెనీ షేరు కొనే ముందు: వాపేదో బలుపేదో తేల్చుకునే పద్ధతి

ఏసీలు, హీటర్లు తయారుచేసే కంపెనీల షేర్ల గురించి మాట వస్తే చాలామంది చెప్పే లెక్క చాలా సులువు. ఎండలు ముదురుతున్నాయి, ఏసీలు అమ్ముడవుతాయి, షేరు పెరుగుతుంది. మొదటి రెండు మాటలూ నిజమే. ప్రపంచంలో అప్పటికి ఉన్న ఏసీలు దాదాపు 160 కోట్లని, 2050 నాటికి అవి 560 కోట్లకు చేరవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో అంచనా వేసింది. చిక్కంతా మూడో మాటతోనే. ఇంత గిరాకీ ఉన్న రంగంలోనే 2025 రెండో సగంలో అమెరికాలో ఇళ్ల ఏసీల అమ్మకాలు గట్టిగా పడిపోయాయి. క్యారియర్, లెనాక్స్ లాంటి పెద్ద కంపెనీలు తమ ఏడాది అంచనాలను కిందికి దించుకోవాల్సి వచ్చింది. ఇళ్ల మార్కెట్ మందగించడం ఒక కారణం. అంతకుముందు డిస్ట్రిబ్యూటర్ల గోదాముల్లో పేరుకుపోయిన సరుకు కరగాల్సి రావడం ఇంకో పెద్ద కారణం.

అందుకే ఈ రంగంలో ముందుచూపు అంటే వాతావరణ సూచన చదవడం కాదని గట్టిగా నమ్ముతాను. ఫ్యాక్టరీ గేటు దాటిన మెషిన్ నిజంగా ఎవరి గోడకైనా బిగించారా, లేక మధ్యలో ఎక్కడో కూర్చుందా అన్నది తేల్చుకోవాలి. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఆ పని గురించే.

మొదటి మెట్టు: కంపెనీ అసలు ఏం అమ్ముతోందో విడగొట్టండి

యాన్యువల్ రిపోర్ట్‌లో సెగ్మెంట్ల పట్టిక, అంటే ఏ వ్యాపారం నుంచి ఎంత ఆదాయం వచ్చిందో చూపే పట్టిక తీయండి. "వేడి, చల్లదనం" అనే ఒకే గొడుగు కింద బొత్తిగా పోలిక లేని వ్యాపారాలు ఉంటాయి. ఇళ్ల ఏసీలు ఒక వ్యాపారం. ఆఫీసులకు, ఆసుపత్రులకు వేసే చిల్లర్లు (నీటిని చల్లబరిచి భవనమంతా తిప్పే పెద్ద యంత్రాలు) ఇంకో వ్యాపారం. చలి దేశాల్లో ఇళ్లను వెచ్చబరిచే బాయిలర్లు, హీట్ పంపులు మూడోది. సరుకు లారీల్లో, సూపర్ మార్కెట్లలో పెట్టే కూలింగ్ నాలుగోది.

లెనాక్స్ ఆదాయంలో పెద్ద వాటా అమెరికా ఇళ్ల నుంచి వస్తుంది. ట్రేన్ టెక్నాలజీస్ బలం పెద్ద భవనాల్లో ఉంది. జపాన్‌కు చెందిన డైకిన్ ప్రపంచమంతా అమ్ముతుంది. 2012లో గుడ్‌మన్‌ను కొని అమెరికా ఇళ్లలోకి వెళ్లింది, ఏసీల్లో వాడే గ్యాస్‌ను కూడా సొంతంగా తయారుచేస్తుంది. క్యారియర్ 2020లో యునైటెడ్ టెక్నాలజీస్ నుంచి విడిపోయి, ఆ తర్వాత యూరప్ హీటింగ్ వ్యాపారంలోకి దిగింది. నాలుగూ ఒకే రంగం షేర్లే. కానీ ఒకే వార్త నాలుగింటినీ నాలుగు రకాలుగా తాకుతుంది.

ఇక్కడే ఇంకో చిన్న విషయం చూసి పెట్టుకోండి. ఏసీకి గుండె లాంటిది కంప్రెసర్. దాన్ని కంపెనీ సొంతంగా చేసుకుంటోందా, బయట కొంటోందా? బయట కొని, బిగించి అమ్మే కంపెనీకి సరఫరా బిగుసుకున్నప్పుడు బేరమాడే శక్తి తక్కువ.

రెండో మెట్టు: పాత మెషిన్ల వయసు చూడండి

ఏసీలు బాగా పాతుకుపోయిన మార్కెట్లలో అమ్మకాల్లో పెద్ద వాటా కొత్త ఇళ్లది కాదు, పాడైపోయిన మెషిన్ తీసేసి కొత్తది వేసుకునేవాళ్లది. డక్టులతో ఇల్లంతా చల్లబరిచే సిస్టమ్ సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పనిచేస్తుంది. అంటే ఈ ఏడాది మార్చే మెషిన్లలో చాలా భాగం 15, 20 ఏళ్ల కిందట అమ్ముడైనవే. అప్పట్లో ఇళ్ల నిర్మాణం జోరుగా సాగి ఉంటే ఇప్పుడు మార్పిడి గిరాకీ బాగుంటుంది. అప్పుడు నిర్మాణం చతికిలబడి ఉంటే, ఆ గుంత ఇప్పుడు కనిపిస్తుంది. అమెరికాలో 2008 తర్వాత ఇళ్ల నిర్మాణం ఎంతగా పడిపోయిందో గుర్తుంచుకుని ఈ దశాబ్దపు అంచనాలు చదవండి.

కొత్తగా ఏసీలు కొంటున్న దేశాల్లో కథ వేరు. అక్కడ మొదటిసారి కొనేవాళ్లే ఎక్కువ కాబట్టి ఆదాయాలు, కరెంటు సరఫరా, ఈఎంఐ సౌకర్యం అమ్మకాలను నడిపిస్తాయి. గిరాకీ వేగంగా పెరుగుతుంది. పోటీ కూడా అంతే తీవ్రంగా ఉంటుంది కాబట్టి ఒక్కో మెషిన్‌పై మిగిలేది తక్కువ.

మార్పిడి గిరాకీ ఎప్పటికీ ఆగదని కంపెనీలు ఇన్వెస్టర్లకు చెబుతుంటాయి. అది సగమే నిజం. ఎండాకాలం మధ్యలో ఏసీ ఆగిపోతే జనం ఏదో ఒకటి చేస్తారు, కానీ ఆ చేసేది కొత్తది కొనడమే కానక్కర్లేదు. చేతిలో డబ్బు ఆడనప్పుడు కంప్రెసర్ మార్పించి, గ్యాస్ నింపించి ఇంకో రెండు మూడేళ్లు లాగుతారు. అలా వాయిదా పడిన అమ్మకం ఎప్పటికో తిరిగి వస్తుంది. ఈలోపు వచ్చే బలహీనమైన ఫలితాలను షేరు ధర మోయాల్సిందే. కాన్‌కాల్‌లో, అంటే ఫలితాల తర్వాత ఇన్వెస్టర్లతో జరిపే ఫోన్ సమావేశంలో, యాజమాన్యం విడిభాగాల అమ్మకాలు బాగా పెరిగాయని, మెషిన్ల అమ్మకాలు తగ్గాయని చెబితే జరుగుతున్నది ఇదేనని అర్థం.

మూడో మెట్టు: పెరుగుదలను ముక్కలు చేయండి

కాగితం, పెన్ను తీసుకోవాల్సిన చోటు ఇదే. ఒక ఊహాజనిత కంపెనీ తీసుకుందాం. కరెన్సీ ఏదైనా ఫర్వాలేదు.

పోయిన ఏడాది ఈ కంపెనీ 10 లక్షల మెషిన్లను ఒక్కొక్కటి 1,000 చొప్పున అమ్మింది. ఆదాయం 100 కోట్లు. ఈ ఏడాది ఆదాయం 109 కోట్లు. పేపర్లలో 9 శాతం వృద్ధి అని వస్తుంది. ఇప్పుడు యాజమాన్యం వ్యాఖ్యల్లో వెతికితే, ధరల పెంపు, ఖరీదైన మోడళ్ల వాటా పెరగడం కలిపి సగటు ధర 12 శాతం పెరిగిందని తెలుస్తుంది. 109 కోట్లను 1,120తో భాగిస్తే వచ్చేది సుమారు 9.73 లక్షల మెషిన్లు. అంటే సంఖ్య దాదాపు 2.7 శాతం తగ్గింది.

ఇంకో అడుగు ముందుకెళ్లండి. డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఏడాది మొదట్లో 2 లక్షల మెషిన్ల స్టాక్ ఉంది, ఏడాది చివరికి 2.6 లక్షలైంది. ఫ్యాక్టరీ పంపిన 9.73 లక్షల్లో 60 వేలు గోదాముల్లోనే ఆగిపోయాయి. ఇళ్లకు చేరినవి 9.13 లక్షలే. పోయిన ఏడాది స్టాక్ మారలేదనుకుంటే, అప్పుడు 10 లక్షలూ ఇళ్లకు చేరాయి. అసలు గిరాకీ 8.7 శాతం పడిపోయిందన్నమాట. 9 శాతం వృద్ధి అన్నది వాపు, బలుపు కాదు.

వచ్చే ఏడాది సంగతి చూడండి. ఇళ్ల గిరాకీ 9.13 లక్షల దగ్గరే నిలబడిందనుకుందాం, ఇంకా పడలేదు. డిస్ట్రిబ్యూటర్లు స్టాక్‌ను మళ్లీ 2 లక్షలకు తెచ్చుకోవాలనుకుంటే ఫ్యాక్టరీ నుంచి తీసుకునేది 8.53 లక్షలే. ఫ్యాక్టరీ అమ్మకాలు 12 శాతానికి పైగా తగ్గుతాయి. ధర మారకపోయినా ఆదాయం 109 కోట్ల నుంచి 95.5 కోట్లకు దిగుతుంది. ఫ్యాక్టరీ అద్దెలు, జీతాలు, తరుగుదల తగ్గవు కాబట్టి, తగ్గిన ప్రతి 100 ఆదాయానికి 30 లాభం పోతుందనుకోండి. 16 శాతం మార్జిన్‌తో 17.4 కోట్లున్న నిర్వహణ లాభం 13.4 కోట్లకు వస్తుంది. ఇళ్లలో గిరాకీ ఏమీ మారకుండానే లాభం 23 శాతం ఊడింది.

కంపెనీ ఈ అంకెలన్నీ ఒకే చోట పెట్టి ఇవ్వదు. మీరే ఏరుకోవాలి. లిస్ట్ అయిన డిస్ట్రిబ్యూటర్ ఉంటే పని సులువు. అమెరికాలో వాట్స్కో అలాంటిదే, ఏసీల పంపిణీలో అక్కడ అతి పెద్దది. తయారీదారు ఆదాయం పెరుగుతున్నప్పుడు డిస్ట్రిబ్యూటర్ ఇన్వెంటరీ (నిల్వ సరుకు) అమ్మకాల కంటే వేగంగా పెరిగితే జాగ్రత్త పడాలి. లెనాక్స్ లాగా సొంత స్టోర్ల ద్వారా నేరుగా కాంట్రాక్టర్లకు అమ్మే కంపెనీల్లో ఈ మధ్య అంచె చిన్నది. అయినా కాంట్రాక్టర్లూ షెడ్డులో సరుకు దాచుకుంటారు. పైగా ఆ కంపెనీకి డిస్ట్రిబ్యూటర్లతో నడిచే భాగం కూడా ఉంది. అందుకే 2025లో దానికీ దెబ్బ తప్పలేదు.

కంపెనీ సొంత లెక్కల్లో చూడాల్సినవి ఇన్వెంటరీ ఎన్ని రోజుల అమ్మకాలకు సమానం, కస్టమర్ల నుంచి బాకీలు వసూలు కావడానికి ఎన్ని రోజులు పడుతోంది అన్నవే. ఈ రెండూ కలిసి పెరుగుతుంటే సరుకును అప్పు మీద ముందుకు నెడుతున్నారేమో అడగాలి. పోల్చేటప్పుడు గత ఏడాది అదే త్రైమాసికంతోనే పోల్చండి. ఎండాకాలానికి ముందు స్టాక్ పెరగడం మామూలే.

నాలుగో మెట్టు: గ్యాస్ రూల్స్ క్యాలెండర్ రాసుకోండి

ఈ రంగంలో అమ్మకాల్ని ముందుకీ వెనక్కీ జరిపే పెద్ద శక్తి ప్రభుత్వ నిబంధనలు. 1987 మాంట్రియల్ ఒప్పందం ఓజోన్ పొరను తినేసే గ్యాసుల్ని తప్పించింది. వాటి స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్‌ను ఏమీ చేయవు కానీ భూమిని విపరీతంగా వేడెక్కిస్తాయి. అందుకే 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలు వాటిని కూడా అంచెలంచెలుగా తగ్గించడానికి ఒప్పుకున్నాయి.

దీని ప్రభావం మెషిన్ లోపలి దాకా వెళ్తుంది. చాలాకాలం వాడిన ఆర్-410ఎ గ్యాస్ వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 2,088 రెట్లు. ఆర్-32కి అది 675, ఆర్-454బికి 466. అమెరికా 2025 నుంచి ఇళ్ల కొత్త ఏసీల తయారీకి 700 అనే గీత గీసింది. డైకిన్ ఆర్-32 వైపు వెళ్లింది. క్యారియర్, ట్రేన్, లెనాక్స్ ఆర్-454బిని ఎంచుకున్నాయి. రెండూ కొద్దిగా మండే స్వభావం ఉన్నవే కాబట్టి లీకేజీని పసిగట్టే సెన్సర్లు, కొత్త భద్రతా ఏర్పాట్లు కావాలి. మెషిన్ ఖరీదు పెరిగింది.

ఇలాంటి మార్పు దగ్గర పడ్డప్పుడు జరిగేది దాదాపు ప్రతిసారీ ఒకటే. పాత రకం చౌకగా దొరుకుతున్నప్పుడే కొని దాచుకోవాలని డిస్ట్రిబ్యూటర్లు తొందరపడతారు, ఫ్యాక్టరీ అమ్మకాలు ఉబ్బుతాయి. గడువు దాటాక కొత్త మోడల్ ఎక్కువ ధరకు వస్తుంది కాబట్టి ఆదాయం ఇంకొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత స్టాక్ కరిగే దశ. 2025లో దీనికి తోడు ఆర్-454బి సిలిండర్ల కొరత కూడా వచ్చి ఇన్‌స్టాలర్లు నానా తిప్పలు పడ్డారు.

కాబట్టి మీ కంపెనీ అమ్మే ప్రతి పెద్ద దేశానికి గ్యాస్ నిబంధనలు, కరెంటు పొదుపు ప్రమాణాలు ఎప్పుడు మారతాయో తేదీలతో రాసుకోండి. ప్రతి తేదీకి ముందు ఏడాది, తర్వాత ఏడాది వచ్చే ఫలితాలను కలిపి సగటు తీసి చూడండి. ఏ ఒక్కదాన్నీ విడిగా నమ్మొద్దు.

ఐదో మెట్టు: హీట్ పంపుల కథను ధరల నిష్పత్తితో పరీక్షించండి

హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లోపలికి లాగుతుంది. ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. గ్యాస్ బాయిలర్ తను కాల్చిన ఇంధనంలో 90 శాతం వేడిగా ఇస్తుందనుకుంటే, 3ని 0.9తో భాగించండి, 3.3 వస్తుంది. ఒక యూనిట్ శక్తికి కరెంటు ధర గ్యాస్ ధర కంటే 3.3 రెట్లు దాటితే బిల్లులో హీట్ పంపుతో ఆదా లేదు. అప్పుడు అమ్మకాలు సబ్సిడీ మీదే నడుస్తాయి. సబ్సిడీని ఒక్క బడ్జెట్‌తో తీసేయొచ్చు. అమెరికాలో 2022 చట్టం ఇంటి హీట్ పంపులకు ఇచ్చిన పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది.

యూరప్‌లో ఇది ఎంత ఖరీదైన పాఠమైందో చూడండి. ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధరలు ఆకాశాన్నంటిన 2022లో హీట్ పంపుల అమ్మకాలు రికార్డు కొట్టాయి. 2023 ఏప్రిల్‌లో క్యారియర్, జర్మనీకి చెందిన వీస్‌మన్ హీటింగ్ వ్యాపారాన్ని 1,200 కోట్ల యూరోలకు కొంటున్నట్టు ప్రకటించింది. 2024 జనవరిలో కొనుగోలు పూర్తయ్యేసరికి గ్యాస్ ధరలు దిగాయి, జర్మనీలో సబ్సిడీ నిబంధనలపై గందరగోళం నడిచింది, యూరప్ అమ్మకాలు 2023, 2024 రెండేళ్లూ తగ్గాయి. దీర్ఘకాలంలో ఆ కొనుగోలు సరైనదే కావచ్చు. కానీ గిరాకీ శిఖరం మీద ఉన్నప్పుడు కట్టిన ధర రాబడిని ఏళ్ల తరబడి కిందికి లాగుతుంది. అందుకే మూలధనంపై రాబడి లెక్కించేటప్పుడు గుడ్‌విల్ (కొన్న కంపెనీ ఆస్తుల విలువకు మించి కట్టిన మొత్తం) తీసేసిన అంకెను మాత్రమే చూపే కంపెనీని నేను ఒప్పుకోను. ఆ డబ్బు వాటాదారులదే.

ఆరో మెట్టు: డేటా సెంటర్ ఆర్డర్లకు విడిగా లెక్క వేయండి

ఏఐ సర్వర్లు వాడే కరెంటు దాదాపు అంతా వేడిగా మారుతుంది, దాన్ని బయటికి పంపాలి. చిల్లర్లు చేసే కంపెనీల ఆర్డర్ బుక్ దీనివల్లే నిండింది. ఇళ్ల ఏసీల బలహీనతను ఇది కప్పేస్తుంది కూడా. అందుకే సెగ్మెంట్లను కలిపి చూడొద్దన్నది.

ఇక్కడి రిస్క్ టెక్నాలజీలో ఉంది. 2026 జనవరిలో ఏఐ చిప్‌లు చేసే ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్, తమ కొత్త సిస్టమ్‌లను 45 డిగ్రీల నీటితోనే చల్లబరచవచ్చని, దానికి చిల్లర్లు అవసరం లేదని అనగానే చిల్లర్లు చేసే జాన్సన్ కంట్రోల్స్, ట్రేన్ షేర్లు పడ్డాయి. ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో, పాత రకం సర్వర్లకు చిల్లర్లు ఇంకా కావాలి కాబట్టి ఆ భయం పూర్తిగా నిజం కాకపోవచ్చు. అయినా ఈ ఆర్డర్లను శాశ్వత ఆదాయంగా లెక్కేసి ధర కట్టడం తప్పు. ఆర్డర్ బుక్‌లో కొద్దిమంది కస్టమర్ల వాటా ఎంత, ఆర్డర్ రద్దు చేస్తే జరిమానా ఉందా, ద్రవంతో నేరుగా చిప్‌ను చల్లబరిచే పరికరాలు కంపెనీ దగ్గర ఉన్నాయా అన్నది కనుక్కోండి.

ఏడో మెట్టు: రాగి, సర్వీసు, వారంటీ, నగదు

రాగి, అల్యూమినియం, ఉక్కు ధరలు పెరిగినప్పుడు కంపెనీ ఎంత త్వరగా ధర పెంచగలిగిందో పాత రిపోర్టుల్లో చూడండి. 2021, 2022 మంచి పరీక్షా కాలం. మార్జిన్ ఒకటి రెండు త్రైమాసికాలు తగ్గి తిరిగి లేస్తే బ్రాండ్‌కు పట్టు ఉన్నట్టే.

పెద్ద భవనాల వ్యాపారంలో సర్వీసు కాంట్రాక్టులకు ఎక్కువ మార్కులు వేయండి. చిల్లర్ ఒకసారి పెట్టాక ఏళ్ల తరబడి మెయింటెనెన్స్ డబ్బు వస్తూనే ఉంటుంది. మాంద్యంలోనూ ఆసుపత్రి తన చిల్లర్‌ను వదిలేయలేదు.

వారంటీ ప్రొవిజన్ గురించి చాలామంది పట్టించుకోరు. కంప్రెసర్‌కు పదేళ్ల హామీ ఇచ్చే కంపెనీ ఈ రోజు లాభంలోంచి కొంత పక్కన పెట్టాలి. కొత్త గ్యాస్, కొత్త డిజైన్‌తో మెషిన్లు వచ్చిన ఏడాదుల్లో అమ్మకాలతో పోలిస్తే ఆ ప్రొవిజన్ తగ్గితే, నోట్స్‌లో కారణం దొరికే దాకా లాభాన్ని నమ్మకండి. చివరిగా, ఐదేళ్ల నికర లాభాన్ని కూడి, ఐదేళ్ల ఫ్రీ క్యాష్ ఫ్లోతో (వ్యాపారం ఖర్చులు, కొత్త యంత్రాల పెట్టుబడి పోగా చేతికి మిగిలిన నగదుతో) పోల్చండి. ఆరోగ్యంగా ఉన్న కంపెనీలో రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి.

ఎనిమిదో మెట్టు: షేరు ధరలో ఏం ఆశ దాగి ఉందో బయటికి తీయండి

లాభంగా ఏ ఒక్క ఏడాది అంకెనూ తీసుకోకండి. మూడో మెట్టులో చూసినట్టు అది ఉబ్బి ఉండొచ్చు, కుంగి ఉండొచ్చు. ఇళ్లకు చేరిన మెషిన్ల ఆధారంగా సాధారణ ఏడాది లాభం ఎంతో అంచనా వేయండి.

షేరుకు సాధారణ లాభం 100, ధర 2,800 అనుకోండి, అంటే 28 రెట్లు. ఏటా 9 శాతం రాబడి కావాలి, అందులో 2 శాతం డివిడెండ్‌గా వస్తుంది. మిగతా 7 శాతం ధర పెరగాలి. పదేళ్లలో ధర సుమారు 5,500 కావాలి. అప్పటికి మార్కెట్ 18 రెట్లే ఇస్తుందనుకుంటే షేరుకు లాభం 306 ఉండాలి. అంటే పదేళ్లపాటు ఏటా దాదాపు 12 శాతం వృద్ధి.

ఇప్పుడు దాన్ని కంపెనీ ఎక్కడి నుంచి తెస్తుందో రాయండి. పాతబడిన మార్కెట్లో మెషిన్ల సంఖ్య ఒకటి రెండు శాతం, ధర రెండు మూడు శాతం, సర్వీసు ఇంకొంచెం, షేర్ల బైబ్యాక్ (కంపెనీ తన షేర్లను తనే తిరిగి కొనడం) ఒకటి రెండు శాతం. ఉదారంగా కూడినా 8 దగ్గర ఆగుతుంది. మిగతా 4 శాతం మార్జిన్ పెరుగుదల నుంచో, డేటా సెంటర్ల నుంచో రావాలి. దానికి మీ దగ్గర గట్టి ఆధారం ఉంటే కొనండి. లేకపోతే అదే లెక్కను 20 రెట్ల దగ్గర మళ్లీ వేసి, ఆ ధర రాసిపెట్టుకుని ఆగండి. సరుకు కరిగే ఏడాదుల్లో ఈ రంగం షేర్లు పడుతుంటాయి, ఓపిక ఉన్నవాళ్లకు అవకాశం అక్కడే దొరుకుతుంది. కంపెనీ సంఖ్యలు చెత్తగా ఉండి, డిస్ట్రిబ్యూటర్ స్టాక్ మాత్రం అప్పటికే సాధారణ స్థాయికి దిగిన త్రైమాసికం కోసమే నేను చూస్తాను.

తొమ్మిదో మెట్టు: కొన్నాక

ప్రతి త్రైమాసికం ఒకే షీట్‌లో ఆరు గడులు నింపండి: మెషిన్ల సంఖ్యలో మార్పు, ధర వల్ల మార్పు, డిస్ట్రిబ్యూటర్ స్టాక్, విడిభాగాల అమ్మకాలు, చిల్లర్ల కొత్త ఆర్డర్లు, ఫ్రీ క్యాష్ ఫ్లో. రోజూ షేరు ధర చూసి టెన్షన్ పడేకంటే దీనివల్ల ఎక్కువ తెలుస్తుంది. వానలు ముందే వచ్చి ఒక సీజన్ చల్లగా గడిచిందని అమ్మాల్సిన పని లేదు. ఇళ్లకు చేరే మెషిన్లలో కంపెనీ వాటా వరుసగా రెండేళ్లు తగ్గితే, ధర పెంచిన ప్రతిసారీ పోటీదారుకు కస్టమర్లు పోతుంటే, లేదా శిఖరం ధరకు ఇంకో పెద్ద కంపెనీని అప్పు చేసి కొంటే మాత్రం అమ్మే విషయం ఆ వారమే ఆలోచించండి.